డెల్టాలో పెద్దవాళ్ళ కంచం ఎందుకు పలచబడుతోంది?

గోదావరి డెల్టాలో తిండికి లోటుందంటే ఎవరూ ఒప్పుకోరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలవల కింద వరి పండుతూనే ఉంది. దేశంలో ఎన్నో రాష్ట్రాల రైతులు వేసిన స్వర్ణ రకం వరి పుట్టింది ఇక్కడి మారుటేరు పరిశోధన కేంద్రంలోనే. కోనసీమలో కొబ్బరి, అరటి, కంద. భీమవరం చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు చేప. ఇంత పంట మధ్య డెబ్బై దాటిన వాళ్ళు సరైన పోషణ లేక నీరసపడిపోతున్నారంటే నమ్మడం కష్టమే. కానీ పాలకొల్లులోనో రాజోలులోనో ఓ మామూలు ఇంట్లో రాత్రిపూట పెద్దావిడ ఏం తింటోందో గమనిస్తే సంగతి తెలుస్తుంది. రెండు ఇడ్లీలు, లేదంటే కాస్త ఉప్మా, అదీ కాకపోతే గ్లాసుడు పాలు, నాలుగు బిస్కెట్లు. "ఈ వయసులో ఇంకేం తింటాం" అని ఆవిడే అంటుంది. "తేలిగ్గా తింటేనే మంచిదిలెండి" అని ఇంట్లోవాళ్ళూ అంటారు.

ఈ మాటలో సగమే నిజం ఉంది. వయసు పెరిగేకొద్దీ ఒంటికి కావలసిన శక్తి, అంటే క్యాలరీలు, తగ్గే మాట వాస్తవం. పొలం పనీ, పరుగులూ తగ్గుతాయి కాబట్టి అన్నం కొంత తగ్గించుకోవచ్చు. కానీ ప్రొటీన్, కాల్షియం, బి12, డి విటమిన్ల అవసరం ఏమాత్రం తగ్గదు. వాటిలో కొన్ని ఇంకా ఎక్కువే కావాలి, ఎందుకంటే తిన్నదాన్ని ఒంటికి పట్టించుకునే శక్తి పేగుల్లోనూ కండల్లోనూ తగ్గుతుంది. తక్కువ తిండిలోనే ఎక్కువ సత్తువ ఉండాల్సిన వయసు అది. డెల్టా ఇళ్ళల్లో జరుగుతున్నది దీనికి తలకిందులు. తిండి తగ్గించాలి అనుకున్నప్పుడు ముందు తగ్గేది పప్పు, గుడ్డు, చేప, కూర. చివరిదాకా మిగిలేది అన్నం, చారు, మజ్జిగ, ఊరగాయ. దీనికి తోడు, పక్కన కూర్చుని తినే మనిషి లేకపోవడం ఆ కంచాన్ని మరింత పలచబరుస్తోంది. పోషణ, కండ, మనసు అనే మూడింటినీ వేరు వేరు సమస్యలుగా చూస్తే వృద్ధాప్యంలో దేనికీ పరిష్కారం దొరకదు.

లెక్క వేసి చూస్తే

55 కిలోల బరువున్న ఒక పెద్దావిడ రోజును తీసుకుందాం. పొద్దున్నా సాయంత్రం కాఫీల్లో కలిపి ఓ 150 మిల్లీలీటర్ల పాలు. టిఫిన్‌కి రెండు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, గరిటెడు పప్పు, ఏదో కూర, చారు, చిన్న గిన్నెడు పెరుగు. రాత్రికి ఉప్మా. కడుపు నిండిన రోజే ఇది. అన్నీ కలిపి ఇందులో ప్రొటీన్ 35 గ్రాములకు అటూ ఇటూ తేలుతుంది, అందులో మూడో వంతు వచ్చేది అన్నం నుంచే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఆ లెక్కన ఆవిడకు 46 గ్రాములు అవసరం. వృద్ధుల పోషణను ప్రత్యేకంగా పరిశీలించిన అంతర్జాతీయ నిపుణుల బృందాలైతే కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలంటాయి. అంటే 55 నుంచి 66 గ్రాములు. కనీసపు లెక్కకే 11 గ్రాములు తక్కువ, మంచి లెక్కకు చూస్తే 20 నుంచి 31 గ్రాములు తక్కువ.

దీన్ని పూడ్చడానికి డబ్బాల్లో అమ్మే పొడులు అక్కర్లేదు. పొద్దున్న ఓ గ్లాసు పాలు అదనంగా తాగితే 6 గ్రాములు వస్తాయి. ఉడకబెట్టిన గుడ్డు ఒకటి మరో 6. మధ్యాహ్నం పప్పు గరిటెడు కాకుండా కప్పు నిండా, కాస్త ముద్దగా వేసుకుంటే ఇంకో 3. రాత్రి ఉప్మా మానేసి 50 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బి రెండు చిన్న పెసరట్లు పోసుకుంటే అదనంగా 7 గ్రాములు. 35 కాస్తా 57 అయింది. పెసరట్టు ఈ నేలలో పుట్టి పెరిగిన వాళ్ళకు కొత్తగా నేర్పాల్సిన వంటకమూ కాదు, పెసలు దొరకని ఊరూ లేదు. గుడ్డు తినని ఇళ్ళల్లో వేయించిన శనగపప్పు పొడి, నువ్వుల పొడి, పెరుగు, సున్నుండ ఆ పని చేస్తాయి. షుగర్ ఉంటే సున్నుండ వద్దు, మినప పిండితో దిబ్బరొట్టె ఉంది. చేప తినే ఇంట్లో 100 గ్రాముల చేప ముక్కలు 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ ఇస్తాయి. ముళ్ళ భయంతో పెద్దవాళ్ళు చేప మానేస్తుంటారు. ముల్లు తక్కువుండే కొర్రమేనో వంజరమో తెచ్చి, ఓపిగ్గా ముళ్ళు తీసి పెట్టే మనిషి ఉంటే ఆ భయం ఉండదు.

రాత్రి తిండి గురించి గట్టిగా చెప్పడానికి కారణముంది. యువకుల కండ కొద్దిపాటి ప్రొటీన్ అందినా దాన్ని వాడుకుంటుంది. ముసలి కండ మొండిది. ఒక పూటలో సుమారు 25 గ్రాములు ఒక్కసారిగా అందితేనే అది మరమ్మతు పని బాగా చేస్తుంది. కాబట్టి మధ్యాహ్నం మాత్రమే పప్పూ చేపా తిని, రాత్రి పాలూ బిస్కెట్లతో సరిపెడితే ఆ రాత్రంతా కండ అరుగుతూనే ఉంటుంది. మూడు పూటలా ప్రొటీన్ పంచుకుని తినాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఈ లెక్క వర్తించదు. వాళ్ళు ఎంత తినాలో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి డాక్టరే చెప్పాలి.

కాల్షియం విషయానికొస్తే పెద్ద వయసులో రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు కావాలి. గ్లాసు పాలలో సుమారు 240 ఉంటాయి, 100 గ్రాముల రాగుల్లో 340కి పైనే. మెట్టలోనూ ఏజెన్సీలోనూ చోళ్ళ, అంటే రాగుల, అంబలి రోజువారీ తిండిగా ఉండేది. డెల్టాలో వరి వచ్చాక అది పేదవాళ్ళ తిండి అని చిన్నచూపు పడింది. ఇప్పుడు షుగర్ పుణ్యమా అని రాగి జావ తిరిగి వచ్చింది, సంతోషం. కాకపోతే జావ అంటే నీళ్ళల్లో రెండు చెంచాల పిండి కలిపి కాచినది కాదు. పాలో మజ్జిగో కలిపి, కాస్త చిక్కగా ఉన్నప్పుడే దానివల్ల ప్రయోజనం. మునగాకు పప్పు, తోటకూర, ముల్లుతో నమిలి తినే చిన్న చేపలు కూడా కాల్షియానికి మంచివే.

ఇక పళ్ళు. ఇంత చెప్పినా నమలలేకపోతే ఏం లాభం? దంతాలు ఊడినవాళ్ళు చాలామంది కట్టుడు పళ్ళు పెట్టించుకోరు, పెట్టించుకున్నా కరుస్తున్నాయని గ్లాసులో వేసి ఉంచుతారు. అప్పుడు నమలాల్సినవన్నీ ఒకటొకటిగా పోయి, మెత్తటి అన్నం, చారు మిగులుతాయి. కట్టుడు పళ్ళు సరిగా కూర్చోకపోతే సరిచేయించుకోవచ్చన్న సంగతి చాలా ఇళ్ళల్లో ఎవరూ పట్టించుకోరు. మనవడి పళ్ళకు క్లిప్పులు వేయించడానికి చూపే శ్రద్ధ ఇక్కడా చూపాలి.

కండ కరిగితే కాలు జారుతుంది

ముప్ఫయ్యేళ్ళు దాటిన దగ్గర్నుంచి ప్రతి పదేళ్ళకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుందని వైద్యులు లెక్క కట్టారు. అరవై దాటాక ఆ వేగం పెరుగుతుంది. పైకి కనిపించకపోవచ్చు, ఎందుకంటే కండ పోయిన చోట కొవ్వు చేరుతుంది. పొట్ట ఉంటుంది, పిక్కలూ తొడలూ సన్నబడతాయి. ఇంట్లోనే చేసుకోదగ్గ చిన్న పరీక్ష ఒకటుంది. చేతులు గుండెల మీద కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. దానికి 15 సెకన్లు దాటితే కాళ్ళలో బలం తగ్గిందని అర్థం. గాజులు వదులవడం, జాకెట్లు వదులవడం కూడా గమనించాలి. ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే "సన్నబడ్డారు, మంచిదే" అనుకుని వదిలెయ్యకూడదు. డాక్టరుకి చూపించాలి. పెద్ద వయసులో కాస్త బొద్దుగా ఉండటం కన్నా ఎండిపోవడమే ప్రమాదం.

డెల్టాలో ఈ కండ కథ అందరికీ ఒకటి కాదు. డెబ్బై ఏళ్ళ వయసులోనూ కలుపు తీతకు, కొబ్బరి వలుపుకు వెళ్ళే కూలి ఆడవాళ్ళ కాళ్ళలో బలం ఉంటుంది. వాళ్ళకు కావలసింది విశ్రాంతి, గుడ్డు, రక్తం పట్టే తిండి. పొలం కౌలుకిచ్చి ఇంటిపట్టున ఉండే రైతుల పరిస్థితి వేరు. గట్ల మీద తిరిగిన మనిషి ఒక్కసారిగా టీవీ ముందు కుర్చీకి పరిమితమవుతాడు. యాభై ఏళ్ళు కష్టపడ్డాడు, ఇక కూర్చోనీ అని పిల్లలు ప్రేమగానే అంటారు. ఆ ప్రేమ ఆయన కాళ్ళకు చేటు చేస్తోంది. వారానికి 150 నిమిషాల నడక, అరవై ఐదు దాటితే వారంలో మూడు రోజులైనా తూలిపోకుండా నిలబడేందుకు పనికొచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాలవ గట్టు మీద పొద్దున్నే నడవడం బాగానే ఉంటుంది. కానీ నడక ఒక్కటే కండను నిలబెట్టదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదేసిసార్లు, గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తడం లాంటివి తోడవ్వాలి.

పడిపోవడాలు ఎక్కువగా జరిగేది ఇంట్లోనే. వర్షాకాలంలో పాకుడు పట్టిన పెరటి చప్టా, తడి బాత్రూము టైల్సు, రాత్రి పాసుకి లేచినప్పుడు చీకటి. తుంటి ఎముక విరిగాక తిరిగి మునుపటిలా నడిచేవాళ్ళు తక్కువ. బాత్రూములో గోడకు ఒక స్టీలు రాడ్డు బిగించడానికి అయ్యే ఖర్చు, ఆ ఆపరేషన్ ఖర్చు ముందు లెక్కలోకి రాదు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు మంచం మీద నుంచి దిగేముందు ఒక నిమిషం కూర్చుని, తర్వాత లేవాలి. గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

ఊరగాయ, బొండం, ఉపవాసం

ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు, అంటే చెంచాడు. చారన్నంలో, పెరుగన్నంలో ఊరగాయ నంజుకునేవాళ్ళకి, ఎండుచేప, అప్పడం, ఊరమిరపకాయ ఇష్టపడేవాళ్ళకి ఆ హద్దు ఒక్క పూటలోనే దాటిపోతుంది. నాలుకకు రుచి తెలియడం తగ్గే వయసు కాబట్టి ఉప్పూ కారం ఇంకా ఎక్కువ పడుతుంది. ఆవకాయ పూర్తిగా మానేయమంటే ముద్ద దిగక అన్నం మానేస్తారు. అది ఇంకా నష్టం. కూరల్లోనే నిమ్మరసం, ఆవపిండి, అల్లం, కొత్తిమీర, ఇంగువ పెంచి ఉప్పు తగ్గించడం నయం. ఆవపెట్టిన పనసపొట్టు, కంద బచ్చలి వండుకునే ఇళ్ళకు ఈ కిటుకు చెప్పక్కర్లేదు.

కొబ్బరి బొండం గురించి కోనసీమలో చెడుగా మాట్లాడటం కష్టం, అవసరమూ లేదు. ఎండాకాలంలో మంచి పానీయమే. అయితే ఒక బొండం నీళ్ళల్లో 500 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగా పనిచేస్తే అది ఒంటికి మేలు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళలో, ముఖ్యంగా టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందులు వాడేవాళ్ళలో, పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఉప్పుకు బదులుగా అమ్మే తక్కువ సోడియం ఉప్పుల్లోనూ పొటాషియమే ఉంటుంది, కాబట్టి వాటికీ ఇదే జాగ్రత్త. పెరట్లో పది చెట్లున్న ఇంట్లో కూడా బొండం అలవాటు గురించి డాక్టరుకి చెప్పి అడగడం మంచిది.

మే నెల ఉక్కపోత ఇంకో పరీక్ష. వయసు పెరిగితే దాహం వేయడం తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గినా నోరు అడగదు. రాత్రి పదేపదే లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్ళు మానేసేవాళ్ళూ ఉన్నారు. దాహం కోసం ఎదురుచూడకుండా గంటకోసారి మజ్జిగో నీళ్ళో అందించడం ఇంట్లోవాళ్ళ పని. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్ళు మాత్రం ఆ హద్దులోనే ఉండాలి.

కార్తీక మాసంలో తెల్లవారుజామున గోదావరి స్నానం, నక్షత్రాలు కనిపించేదాకా ఉపవాసం డెల్టాలో ఎందరికో ప్రాణసమానం. ఆ భక్తిని తక్కువ చేయాల్సిన పని లేదు. కానీ గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని, లేదా ఇన్సులిన్ తీసుకుని, పగలంతా ఖాళీ కడుపుతో ఉంటే చెమటలు పట్టి, వణుకు వచ్చి, స్పృహ తప్పవచ్చు. ఉపవాసం ఉండాలనుకుంటే నెల ముందే డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్పించుకోవాలి. ఉపవాసం రోజు పాలు, పళ్ళు తీసుకోవడం మన ఆచారంలోనే ఉంది. భర్త పోయిన ఆడవాళ్ళు జీవితాంతం ఒంటిపూట భోజనం చేయాలన్న ఆచారం కొన్ని కుటుంబాల్లో ఇంకా పూర్తిగా పోలేదు. దాని సంగతి వేరు. అది ఆ మనిషి ఎముకల్నీ కండల్నీ నెమ్మదిగా తినేసే కట్టుబాటు. దాన్ని గౌరవం పేరుతో కొనసాగించడం అన్యాయం. అమ్మ అలవాటు అని కొడుకులు ఊరుకోకుండా రాత్రి కంచం పెట్టి దగ్గర కూర్చోవాలి.

మతిమరుపు అనుకున్నదంతా మతిమరుపు కాదు

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. గ్యాస్ మాత్రల పేరుతో రోజూ పరగడుపున వేసుకునే పాంటాప్రజోల్ కూడా అదే చేస్తుంది. మాంసం, చేప, గుడ్డు తిననివాళ్ళకి మొదట్నుంచీ బి12 అంతంతమాత్రమే. ఈ మూడూ కలిసిన మనిషికి అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, నడకలో తూలు, జ్ఞాపకం తగ్గడం, చిరాకు, దిగులు రావచ్చు. ఇంట్లోవాళ్ళు వయసైపోయిందనుకుంటారు. ఒక రక్తపరీక్షతో తెలిసిపోయే లోపం ఇది, ఇంజెక్షన్లో మాత్రలో వాడితే బాగుపడే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే నరాల దెబ్బ పూర్తిగా పోకపోవచ్చు. థైరాయిడ్ తగ్గినా ఇలాగే మందకొడితనం వస్తుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతుంటే మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం తగ్గడమో, కొత్తగా మొదలెట్టిన మందో కారణం కావచ్చు. అది అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన పరిస్థితి.

నిజమైన డిమెన్షియా, అంటే క్రమంగా మతి తగ్గిపోయే జబ్బు, కూడా తక్కువేమీ కాదు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి అది ఉందని జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, జాగ్రత్త పడితే డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని చెబుతూ 14 కారణాలు చూపింది. బీపీ, షుగర్, పొగ, కదలకపోవడం వంటివి అందరూ ఊహించేవే. మనవాళ్ళు ఊహించనివి మూడున్నాయి: వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, ఒంటరితనం. చెవులు వినపడని పెద్దాయన నలుగురిలో కూర్చున్నా ఒంటరే. అడిగిందానికి వేరే జవాబు చెబితే పిల్లలు నవ్వుతారు, అందుకని ఆయన మాట్లాడటమే మానేస్తాడు. మెదడుకు పని తగ్గిపోతుంది. శుక్లాల ఆపరేషన్‌కి తీసుకెళ్ళే మనవాళ్ళు వినికిడి మిషన్ దగ్గరికి వచ్చేసరికి "ఈ వయసులో ఎందుకులే" అంటారు. ఆ వయసులోనే కావాలి.

ఖాళీ ఇళ్ళు, నిండిన ఇళ్ళు

గోదావరి జిల్లాల నుంచి వలసలు రెండు దారుల్లో సాగాయి. చదువుకున్న పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, అమెరికా వెళ్ళారు. పేద కుటుంబాల ఆడవాళ్ళు ఇంటిపనుల కోసం కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళారు. మొదటి దారి పెద్ద డాబాల్లో ఇద్దరు ముసలివాళ్ళను, కొన్నాళ్ళకు ఒక్కరినే మిగిల్చింది. రెండో దారి అరవై దాటిన అమ్మమ్మలకు ఇద్దరు ముగ్గురు మనవలను పెంచే బాధ్యత అప్పగించింది. ఒకచోట చేయడానికి పని లేదు, ఇంకోచోట ఒళ్ళు మించిన పని. రెండుచోట్లా తిండి దెబ్బతింటోంది. ఒక్కరికోసం పొయ్యి ముట్టించడమెందుకని మొదటి ఇంట్లో పొద్దుటి కూరతోనే రాత్రి గడుస్తుంది. రెండో ఇంట్లో గుడ్డు మనవడికి పెట్టి, అమ్మమ్మ పులుసు పోసుకుని తింటుంది.

తిండికీ మనసుకీ మధ్య దారి రెండు వైపులా నడుస్తుంది. దిగులుంటే ఆకలి చస్తుంది, తినకపోతే నీరసం దిగులును పెంచుతుంది. 2017-18లో జరిగిన లాసి అనే జాతీయ సర్వేలో అరవై దాటినవాళ్ళలో 8 శాతం పైచిలుకు మందిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. తమకు డిప్రెషన్ ఉందని డాక్టరు చెప్పినట్టు తెలిపినవాళ్ళు ఒక శాతం కూడా లేరు. తేడా అంతుండడానికి ఒక కారణం, మన పెద్దవాళ్ళు దిగులును దిగులుగా చెప్పరు. గుండె దడ అంటారు, కడుపు ఉబ్బరం అంటారు, ఒళ్ళంతా సూదులు పొడిచినట్టుంది అంటారు. పరీక్షలన్నీ మామూలుగా వస్తాయి. సెలైన్లు ఎక్కుతాయి, బలానికి ఇంజెక్షన్లు పడతాయి, నిద్రమాత్ర మొదలవుతుంది. ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్ర వృద్ధుల్లో జ్ఞాపకాన్ని మందగింపజేస్తుంది, రాత్రి లేచినప్పుడు తూలి పడేలా చేస్తుంది, అలవాటైతే ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. మోకాళ్ళ నొప్పులకు చీటీ లేకుండా కొనే మాత్రలు కిడ్నీకి, గుండెకి చేసే నష్టం దీనికి అదనం. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, "నేను పోతే మీకు సుఖం" లాంటి మాటలు వినిపిస్తే మానసిక వైద్యుడికి చూపించాలి. డిప్రెషన్‌కి వృద్ధుల్లోనూ మందులు బాగానే పనిచేస్తాయి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కి ఎవరైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, వృద్ధుల సహాయానికి 14567 ఉంది.

మందుల కన్నా ముందు చూడాల్సింది మనుషుల్ని. పాత ఇళ్ళకు వీధి వైపు అరుగు ఉండేది. దారినపోయే ప్రతి మనిషీ "ఏం బాబాయ్, భోజనమైందా" అని పలకరించాల్సిందే. కొత్త ఇంటికి ఎత్తయిన గేటు, దాని వెనక సీసీ కెమెరా. అమెరికాలో ఉన్న కొడుకుకి ఫోన్‌లో నాన్న కనిపిస్తున్నాడు, నాన్నకు మాత్రం రోజంతా మనిషి మొహం కనిపించడం లేదు. వీడియో కాల్ ఉండటం మంచిదే. ఆ కాల్ నాన్న భోజనం చేసే వేళకు పెట్టుకుని, కంచంలో ఏముందో చూసి, తినేదాకా కబుర్లు చెబితే ఇంకా మంచిది. ఏం తిన్నారని అడిగితే అందరూ "తిన్నాంరా" అనే అంటారు.

పలకరింపుతో పాటు పని ఉండాలి. ఆవకాయ కలిపేటప్పుడు కొలతలు అడగడానికైనా మామ్మను పిలవాలి. ఊరి గ్రంథాలయంలో పేపరు చదివి వినిపించడం, రామాలయంలో భజన, పిల్లలకు ఎక్కాలు చెప్పడం, పెరట్లో ఆకుకూర మళ్ళు, ఏదైనా సరే, ఎవరో తన కోసం ఎదురుచూస్తున్నారన్న భరోసా మనిషిని మంచం దిగేలా చేస్తుంది. మనవల్ని పెంచుతున్న అమ్మమ్మలకు ఇది తిరగేసి చెప్పాలి. వాళ్ళకు కావలసింది రోజులో ఒక గంట ఎవరైనా ఆ పిల్లల్ని చూసుకోవడం.

లంక గ్రామాల్లో ఉండే పెద్దవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మూడో ప్రమాద హెచ్చరిక రోజుల తరబడి కొనసాగింది. పడవలూ పంట్లూ ఆగిపోతే బీపీ, షుగర్ మాత్రలు అందవు. జూన్ చివరికల్లా నెలకు సరిపడా మందులు, పరీక్షల కాగితాలు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి గడప దగ్గర పెట్టుకోవడం, ఇన్సులిన్ వాడేవాళ్ళ పేర్లు ఆశా కార్యకర్త దగ్గర ముందే రాయించుకోవడం చేయదగ్గ పనులు.

ఊరందరి కంచం

ప్రభుత్వం వైపు నుంచి కొన్ని మంచి పనులు జరిగాయి. రాష్ట్రంలో వృద్ధుల పింఛను 2024 జులై నుంచి నెలకు 4000 రూపాయలైంది, అదీ ఇంటికే వస్తుంది. డెబ్బై దాటిన అందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల దాకా ఆసుపత్రి బీమాను కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. జబ్బు చేశాక ఆదుకునే ఏర్పాటు ఉంది, చేతిలో కాస్త డబ్బు ఉంది. జబ్బు చేయకుండా ఆపే ఒక పూట మంచి భోజనం, నలుగురి మధ్య కూర్చుని తినేది, మాత్రం మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళకు లేదు. పింఛను డబ్బు చాలా ఇళ్ళల్లో ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. వండిపెట్టిన అన్నం అలా కలిసిపోదు.

దీనికి కొత్తగా వంటశాల కట్టక్కర్లేదు. దాదాపు ప్రతి ఊళ్ళో బడి ఉంది, బడిలో మధ్యాహ్న భోజనం వండుతున్నారు, అందులో గుడ్డు కూడా ఉంది. ఆ పథకానికి రాష్ట్రం పెట్టుకున్న పేరు డొక్కా సీతమ్మది. లంకల గన్నవరంలో ఏ వేళకు ఎవరొచ్చినా అన్నం పెట్టి, 1909లో కన్నుమూసిన ఆ తల్లి ఈ డెల్టా మనిషే. పొరుగున తమిళనాడు తన మధ్యాహ్న భోజన కేంద్రాల్లో వృద్ధాప్య పింఛనుదారులకూ 1980ల నుంచే భోజనం పెడుతోంది. మన దగ్గరా ఒక్కో బడి వంటలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ కోసం ఓ ఇరవై కంచాలు కలపడం పంచాయతీ, స్వయం సహాయక సంఘాలు, విదేశాల్లో ఉన్న ఊరి పిల్లలు కలిస్తే చేయలేని పని కాదు. అన్నం మెత్తగా, పప్పు ముద్దగా, ఉప్పు తక్కువగా వండాలి, గుడ్డు తిననివాళ్ళకు పెరుగు ఎక్కువ వేయాలి. నడవలేనివాళ్ళకు క్యారేజీ పంపాలి, తీసుకెళ్ళిన మనిషి పది నిమిషాలు కూర్చుని రావాలి. నెలకోసారి అక్కడే బరువు తూచి, బీపీ చూసి రాసిపెడితే ఎవరు చిక్కిపోతున్నారో ఆ నెలలోనే తెలుస్తుంది. ముందుగా ఏదో ఒక మండలంలో మొదలుపెట్టి ఒక ఏడాది నడిపి చూడవచ్చు.